గోడలు మిగలని గురువు

కీవ్‌లోని లుట్స్క్ బ్యారక్స్ గోడల మీద 1919లో వేసిన బొమ్మలు మూడేళ్లకు మించి నిలవలేదు. ఒడెసా పక్కన ఖజిబేయ్ రైతుల శానిటోరియంలో 1928లో పూర్తయినవి ఇప్పుడు లేవు. ఖార్కివ్ నగరంలో చెర్వొనోజవోద్‌స్కీ థియేటర్ కోసం 1935 దాకా కష్టపడి వేసినవాటినీ ధ్వంసం చేశారు. 20వ శతాబ్దంలో ఉక్రెయిన్ కుడ్యచిత్రకళకు కొత్త దారి వేసినవాడిగా చెప్పుకునే మిఖైలో బోయ్‌చుక్ సంగతి ఇది. ఆయన పెద్ద గోడలు మూడూ పోయాయి. చూడటానికి మిగిలినవి చేతుల్లో పట్టేంత చెక్క పలకలు, అట్టల మీద టెంపెరాతో (గుడ్డు సొనలో కలిపిన రంగులతో) వేసిన బొమ్మలు, కొన్ని డ్రాయింగులు, గోడలకు తీసిన నలుపు తెలుపు ఫొటోలు.

అయినా ఉక్రెయిన్ కళాచరిత్రలో ఆయన పేరు మీద ఒక 'ఇజం' ఉంది. 'బోయ్‌చుకిజం' అన్న మాట మొదట కొంత తిట్టుగా వాడుకలోకి వచ్చి, ఆ తర్వాత నేరారోపణగా మారి, ఇప్పుడు గౌరవంగా నిలబడింది. బొమ్మలు ఇంత తక్కువగా దొరికే చిత్రకారుడికి ఇంత పేరు ఎలా వచ్చిందో తెలియాలంటే ఆయన్ని చిత్రకారుడిగా కాక పంతులుగా చూడాలి. ఆయన తయారు చేసిన అసలు వస్తువు బొమ్మ కాదు, బడి. ఆయన్ని చంపినవాళ్లకు కూడా ఆ సంగతి బాగా తెలుసు.

బోయ్‌చుక్ 1882 అక్టోబర్ 30న తెర్నోపిల్ ప్రాంతంలోని రొమానివ్కా అనే పల్లెలో, రైతు కుటుంబంలో పుట్టాడు. అప్పట్లో ఆ ప్రాంతం ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలోని గలీషియా. పొలం పనుల ఇంట్లో పుట్టిన కుర్రాడు క్రాకవ్, మ్యూనిక్, పారిస్ దాకా వెళ్లి చదివాడంటే వెనక ఎవరో ఉండాలి కదా. ఉన్నారు: ల్వివ్‌లోని షెవ్‌చెంకో సైంటిఫిక్ సొసైటీ, రోమ్ పోప్‌ను అంగీకరించే గ్రీక్ కాథలిక్ చర్చి మతాధిపతి అంద్రేయ్ షెప్తిత్‌స్కీ. చదువుకు డబ్బిచ్చిన ఈ మతాధిపతి పేరే ముప్పై ఏళ్ల తర్వాత బోయ్‌చుక్ మెడకు ఉరితాడయింది.

1907లో ఆయన పారిస్ చేరాడు. వస్తువుల్ని ముక్కలుగా విడదీసి చూపే క్యూబిజం పురుడు పోసుకుంటున్న రోజులు. కుర్ర చిత్రకారులంతా ముందుకు పరుగెత్తుతుంటే బోయ్‌చుక్ వెనక్కి నడిచాడు. అకాడమీ రాన్‌సన్‌లో పాఠాలు వింటూనే బైజాంటిన్ (మధ్యయుగపు తూర్పు రోమన్ సామ్రాజ్యపు) ఐకాన్ల దగ్గర, అంటే చర్చిల్లో పూజించే పవిత్ర చిత్రాల దగ్గర, మధ్యయుగపు చిత్రకారుడు జొత్తో కాలపు ఇటలీ గోడల దగ్గర ఆగిపోయాడు. 1909లో తన చుట్టూ చేరిన నలుగురైదుగురితో సొంత స్టూడియో పెట్టి, మరుసటి ఏడు సలోన్ దెజ్ అంద్‌పాందాఁ ప్రదర్శనలో 'బైజాంటిన్ పునరుద్ధరణ' అనే బృందం పేరుతో బొమ్మలు పెట్టాడు. 'సంతకం నాది' అని ప్రతి చిత్రకారుడూ గొంతు చించుకునే పారిస్‌లో బృందం పేరు ముందుకు తేవడం అప్పటికి చాదస్తంగానే కనిపించి ఉండాలి.

ఈ 'వెనక్కి నడవడం' వెనక ఒక లెక్క ఉంది. 19వ శతాబ్దంలో తూర్పు యూరప్ కుర్రాళ్లు బొమ్మలు నేర్చుకోవాలంటే పీటర్స్‌బర్గ్‌కో వియన్నాకో వెళ్లి అకాడమీ పద్ధతి నేర్చుకోవాల్సిందే. అంటే ఇంట్లో నేర్చిందంతా మరిచిపోయి దిగుమతి సరుకుతో తిరిగి రావడం. బోయ్‌చుక్ ఈ లెక్కను తిరగేశాడు. జొత్తోకూ కీవ్ సెయింట్ సోఫియా కెథడ్రల్‌లోని 11వ శతాబ్దపు మొజాయిక్‌లకూ మూలం ఒక్కటే, అది బైజాంటియం. ఆ దారం పోగు ఉక్రెయిన్ పల్లెల చర్చిల్లో, ఐకాన్లలో, ఇళ్లలో వేలాడదీసే జానపద బొమ్మల్లో ఇంకా తెగలేదు. మరి దాన్ని పట్టుకుని ఈ కాలపు గోడ దాకా రావచ్చు కదా?

మన పాఠకులకు ఇక్కడ నందలాల్ బోస్ గుర్తుకు రావాలి. ఆయన పుట్టిందీ 1882లోనే, డిసెంబర్ 3న, అంటే బోయ్‌చుక్ కంటే అయిదు వారాల చిన్న. ఒకరికొకరు తెలిసిన దాఖలా లేకపోయినా, శాంతినికేతన్‌లో శిష్యుల్ని వెంటేసుకుని గోడలకు బొమ్మలు వేయించిన నందలాల్, కీవ్‌లో అదే పని చేసిన బోయ్‌చుక్ ఒకే ప్రశ్నకు జవాబు వెతికారు. ఒకరికి ఆశ్రమం దొరికింది. ఇంకొకరికి దొరికింది తుపాకీ గుండు.

పారిస్ నుంచి ఇటలీ మీదుగా 1910లో ల్వివ్ తిరిగొచ్చిన బోయ్‌చుక్ అక్కడి నేషనల్ మ్యూజియంలో పాత ఐకాన్లు బాగుచేసే పనిలో కుదిరాడు. ఆయన జీవితం గురించి రాసేవాళ్లు ఈ ఘట్టాన్ని రెండు వాక్యాల్లో దాటేస్తుంటారు. కానీ ఆయన పాఠం పుట్టింది ఇక్కడే. వందల ఏళ్ల కొవ్వొత్తి మసిని దూదితో కొద్దికొద్దిగా తుడిచేవాడికి బొమ్మ పైనుంచి కిందికి, పొర తర్వాత పొరగా కనిపిస్తుంది. వార్నిష్, దాని కింద రంగు, దాని కింద సుద్దా జిగురూ కలిపి పూసిన తెల్లటి పూత, అన్నిటికన్నా అడుగున చెక్క. ఐకాన్ వేసినవాడి పేరు ఎక్కడా ఉండదు, పనితనం మాత్రం ప్రతి పొరలోనూ ఉంటుంది. చెర్నిహివ్ దగ్గర లెమెషి గ్రామ చర్చిలో ఐకాన్లు వరసగా అమర్చిన తెరగోడ అయిన ఐకానోస్టాసిస్‌ను బాగుచేస్తుండగా మొదటి ప్రపంచయుద్ధం వచ్చిపడింది. ఆస్ట్రియా పౌరుడు కాబట్టి రష్యా సామ్రాజ్యం దృష్టిలో శత్రువు. తమ్ముడు తిమోఫీతో సహా ఉరాల్స్క్‌కూ, ఆ తర్వాత అర్జమాస్‌కూ పంపేశారు.

1917లో విప్లవం తలుపులు తెరిచింది. ఆ డిసెంబర్‌లో కీవ్‌లో ఉక్రెయిన్ ఆర్ట్ అకాడమీ మొదలైంది. మొదటి ఆచార్యుల్లో ఒలెక్సాండ్ర్ మురాష్కో, హెయొర్హీ నార్బుత్, వసీల్, ఫెదిర్ క్రిచెవ్‌స్కీ సోదరులతో పాటు బోయ్‌చుక్ ఒకడు. ఆయనకు ఇచ్చింది ఫ్రెస్కో (తడి సున్నపు పూత మీద వేసే బొమ్మ), మొజాయిక్, ఐకాన్ల వర్క్‌షాప్. నగరం చేతులు మారుతూనే ఉంది. 1917-20 మధ్య కీవ్‌లో పాలకులు డజనుకు పైగా సార్లు మారారు. 1919 జూన్‌లో మురాష్కోను వీధిలో కాల్చి చంపారు. మరుసటి ఏడు జబ్బుతో నార్బుత్ పోయాడు. ఇంత గందరగోళంలో బోయ్‌చుక్ విద్యార్థులు చేస్తున్న పనేమిటంటే, సున్నం నానబెట్టడం.

ఇది హాస్యానికి అన్నమాట కాదు. ఫ్రెస్కో పని సున్నంతో మొదలవుతుంది. పాతకాలపు ఇళ్ల డంగు సున్నం తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది: గుంటలో ఎంత ఎక్కువ కాలం నానితే అంత వెన్నలా అవుతుంది. ఆ సున్నంలో ఇసుక కలిపి గోడకు గరుకు పూత, దాని మీద నునుపు పూత. చివరి పూత మాత్రం ఆ రోజు వేయగలిగినంత మేరకే, ఒక తలో, ఒక భుజమో పట్టేంత ముక్కకే పూస్తారు. బొమ్మ గీసిన పెద్ద కాగితానికి గీతల వెంట సూదితో బెజ్జాలు పొడిచి, తడి గోడకు ఆనించి, బొగ్గుపొడి మూటతో తడతారు. మగ్గం వర్క్ చేసేవాళ్లు జాకెట్టు గుడ్డ మీదికి డిజైను దించే పద్ధతే. ఇక జేగురు, పసుపు మట్టి, ఆకుపచ్చ మట్టి లాంటి సున్నానికి తట్టుకునే రంగుల్ని ఉత్త నీళ్లలో కలిపి గబగబా వేసుకుపోవాలి. జిగురు అక్కర్లేదు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్లీ రాయిగా మారుతూ రంగును తనలోనే బిగించేసుకుంటుంది. పూత ఆరిందంటే ఆ రోజుకు పని అయిపోయినట్టే. తప్పు పోతే దిద్దడం కుదరదు, ఆ ముక్క గీకేసి మళ్లీ పూయాల్సిందే.

ఈ పని ఒంటరిగా చేయడం కష్టం. ఒకరు పూత వేస్తుంటే ఒకరు రంగు నూరాలి, ఒకరు కాగితం పట్టుకోవాలి, ఇద్దరు ముగ్గురు కలిసి వేయాలి. బోయ్‌చుక్ ఫ్రెస్కోను ఎందుకు అంతగా పట్టుకున్నాడో ఇక్కడే తెలుస్తుంది. సామూహిక కళ గురించి అప్పట్లో ఉపన్యాసాలు ఇచ్చినవాళ్లు చాలామంది. ఆయన మాత్రం కలిసి పనిచేయకపోతే ముందుకు సాగని పనినే ఎంచుకున్నాడు. చెక్క పలకల మీద వేసే టెంపెరాదీ ఇంచుమించు అదే క్రమశిక్షణ: కోడిగుడ్డు పచ్చసొనతో రంగు కలుపుకోవాలి, అది నిమిషాల్లో ఆరిపోతుంది, సన్నని గీతలు పక్కపక్కన పేర్చుకుంటూ పోవాలి. ఆయిల్ పెయింట్‌లా పులిమి మెత్తగా కలిపేయడం కుదరదు. చేయి ఆడే ముందే మనసులో బొమ్మ ఖాయం కావాలి.

పాఠం పద్ధతి కూడా అకాడమీలకు తిరగబడ్డదే. అకాడమీలో మొదటి రోజు నుంచి ఎదుట మోడల్‌ను కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు దించమంటారు. బోయ్‌చుక్ శిష్యులు ముందుగా జొత్తోను, బైజాంటిన్ మొజాయిక్‌లను, ఉక్రెయిన్ జానపద చిత్రాలను ఎదుట పెట్టుకుని నకలు తీసేవారు. అసలు ఉద్దేశం నకలు కాదు, కూర్పు. ఈ తల ఎందుకు వంగింది, ఆ చేతి గీత ఎక్కడికి పోయి ఆగుతోంది, రెండు బొమ్మల మధ్య ఖాళీ ఆకారం ఏమిటి అని విడగొట్టి చూడటం. సంగీతం నేర్చుకునేవాళ్లకు వర్ణాలు ఎలాగో వీళ్లకు ఇవి అలాగ.

అలా తయారైన శైలి చూడగానే గుర్తుపట్టేలా ఉంటుంది. గుండ్రటి తలలు, బరువైన, నింపాదైన శరీరాలు. నీడలు దాదాపు ఉండవు. చుట్టూ గట్టి గీత, మట్టి రంగులు. దూరంగా ఉన్నవి చిన్నవిగా కనపడాలన్న నియమం అసలు పట్టదు. తమ్ముడు తిమోఫీ 1920 ప్రాంతంలో అట్ట మీద టెంపెరాతో వేసిన ఆపిల్ చెట్టు చిత్రంలో ఉన్నది చెట్టూ, ఆడవాళ్లూ, పళ్లూ. పల్లెటూరి పెరటి దృశ్యం. కానీ ఆ నిలబడిన తీరులో ఆ ఆడవాళ్లు ఐకాన్లలోని మనుషుల్లా ఉంటారు. పళ్లు కోసే పనిని పూజ చేసినంత నెమ్మదిగా చూపించడం, ఈ బడి సాధించిన అసలు విషయం బహుశా ఇదే. తిమోఫీ 1922లో క్షయతో, పాతికేళ్లు దాటీదాటగానే పోయాడు. అన్నకన్నా గొప్పవాడయ్యేవాడని కొందరంటారు. ఆ ఒక్క బొమ్మ చూస్తే కాదనడం కష్టం.

1920లలో సోవియట్ ప్రభుత్వమే ఉక్రెయిన్ భాషనూ సంస్కృతినీ ప్రోత్సహించిన కొద్దికాలం బోయ్‌చుక్‌కు కలిసొచ్చింది. చదువురాని రైతులకూ సైనికులకూ అర్థమయ్యే పెద్ద పెద్ద గోడల బొమ్మలు కొత్త ప్రభుత్వానికీ కావాలి. వర్క్‌షాప్ ఒక ఉద్యమంగా పెరిగింది. భార్య సోఫియా నాలెపిన్‌స్కా కీవ్ ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో చెక్క మీద చెక్కి అచ్చువేసే వుడ్‌కట్ నేర్పింది. ఇవాన్ పదాల్కా పుస్తకాలకు బొమ్మలు వేశాడు. వసీల్ సెద్ల్యార్ కీవ్ శివార్లలో, మెజిహిర్యాలోని పాత మఠంలో నడిచే కుండల, పింగాణీ పనుల బడికి పెద్ద అయ్యాడు. (ఆ మెజిహిర్యాయే దశాబ్దాల తర్వాత అధ్యక్షుడు యనుకోవిచ్ విలాస భవనంగా వార్తలకెక్కింది. మఠాన్ని మాత్రం 1930లలోనే కూల్చేశారు.) గోడ, పుస్తకం, పళ్లెం, తివాచీ, దేన్నీ చిన్నచూపు చూడకుండా అన్నిట్లోనూ ఒకే చూపు కనపడాలన్నది గురువు పట్టు.

ఈ పట్టులో ఒక లోపమూ ఉంది. శిష్యుల బొమ్మలన్నీ గురువు బొమ్మల్లాగే ఉంటాయని అప్పటి ప్రత్యర్థులు ఎత్తిపొడిచేవారు. అందులో కొంత నిజం లేకపోలేదు. ఆ కాలపు పనుల ఫొటోలు వరసగా చూస్తే ఏది ఎవరిదో చెప్పడానికి నిపుణులే తడుముకుంటారు. సంతకం వద్దన్న బడిలో ఇది తప్పదు. కానీ ఒక్కొక్కరూ కాస్త దూరం జరిగాక ఏం చేశారో చూడాలి. పదాల్కా 1927లో వేసిన 'ఫొటోగ్రాఫర్'లో కొంటెతనం ఉంది. ఒక్సానా పావ్లెంకో ఆడవాళ్ల బొమ్మల్లో ఉన్న దిటవు గురువు బొమ్మల్లో కనిపించదు. బడి బలంగా ఉండటం వల్ల శిష్యుడి గొంతు పోదు, ఆలస్యంగా వస్తుంది. ఈ శిష్యుల్లో చాలామందికి ఆ ఆలస్యానికి సరిపడా ఆయుష్షు ఇవ్వలేదు.

1926 చివర్లో బోయ్‌చుక్, భార్య, సెద్ల్యార్ తదితరులు జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీ తిరిగి వచ్చారు. ప్రభుత్వం అనుమతించిన ప్రయాణమే. పదేళ్ల తర్వాత అదే గూఢచర్యానికి రుజువుగా ఫైళ్లలోకి ఎక్కింది.

1930లు వచ్చేసరికి గాలి మారింది. ఉక్రెయినీకరణ ఆగిపోయి, దాన్ని నమ్మినవాళ్ల మీద వేట మొదలైంది. కళలో సోషలిస్ట్ రియలిజం, అంటే సోవియట్ జీవితాన్ని పార్టీ కోరినట్టు వాస్తవిక శైలిలో కీర్తించే పద్ధతి, తప్ప వేరే దారి లేదన్నారు. 1932-33లో ఊళ్ల నుంచి ధాన్యం ఊడ్చుకుపోవడంతో వచ్చిన కరువులో ఉక్రెయిన్‌లో 35 నుంచి 39 లక్షల మంది చనిపోయారని జనాభా శాస్త్రజ్ఞుల అంచనా. సరిగ్గా ఆ రోజుల్లోనే బోయ్‌చుక్ బృందానికి ఖార్కివ్ థియేటర్ పని వచ్చింది. ఆయన వాటాకు వచ్చిన గోడ అంశం 'పంటల పండుగ'.

రైతు కొడుకు, రైతుల్ని ఐకాన్లలా చిత్రించడం నేర్పిన పంతులు, ఆకలితో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయిన దేశంలో నిండిన బల్లలూ నవ్వే రైతులూ గోడ మీద వేయాలి. చిత్తు బొమ్మల్ని పైవాళ్లు మళ్లీ మళ్లీ మార్పించారు. మిగిలిన ఫొటోల్లో పాత బోయ్‌చుక్ సగమే కనిపిస్తాడు. కూర్పులో ఆ లయ ఉంది. ముఖాలు మాత్రం అప్పటి పోస్టర్ల ముఖాలు. ఆయన లొంగిపోయాడని తీర్పు చెప్పడం సులువు. శిష్యుల బతుకు కూడా తన గోడకే వేలాడుతున్న మనిషి అడకత్తెరలో పోకచెక్క లాంటివాడని గుర్తుంచుకుంటే ఆ తీర్పు అంత సులువుగా నోట రాదు. లొంగినా ఫలితం దక్కలేదు.

1936 నవంబర్ 25న ఆయన్ని అరెస్టు చేశారు. ఆరోపణ: కళాకారుల్లో జాతీయవాద-ఫాసిస్టు ఉగ్రవాద సంస్థను నడిపాడు, వాటికన్ ఏజెంటు. ముప్పై ఏళ్ల కిందట షెప్తిత్‌స్కీ ఇచ్చిన చదువు డబ్బు ఇలా తిరిగొచ్చింది. 1937 జూలై 13న కీవ్‌లో బోయ్‌చుక్‌ను, పదాల్కాను, సెద్ల్యార్‌ను ఒకే రోజు కాల్చేశారు. డిసెంబర్ 11న సోఫియాను కాల్చారు. పారిస్ రోజుల నుంచి వెంట ఉన్న మికోలా కస్పెరోవిచ్ చివరికి పాత ఐకాన్లు బాగుచేసే పనిలోనే ఉండేవాడు. 1938లో ఆయన్నీ వదల్లేదు.

ఇక్కడ ఒక చిక్కు ముడి ఉంది. సామూహికంగా పనిచేయడం, ప్రజలకు అర్థమయ్యే కళ, రైతూ కూలీ కథానాయకులు కావడం: సోవియట్ కళకు ఇవే కదా ఆదర్శాలు. వీటిని అందరికంటే నిజాయితీగా పాటించినవాడినే చంపడమేమిటి? బోయ్‌చుక్ సమూహం కమిటీ నుంచి పుట్టలేదు, మధ్యయుగాల పనివాళ్ల బృందం నుంచి పుట్టింది. దానికి అధికారం పార్టీ నుంచి కాక పనితనం నుంచి, పాతకాలం నుంచి, పల్లె నుంచి వచ్చింది. ఆజ్ఞ లేకుండానే ఒక గురువు చుట్టూ నలభై మంది చేరగలరన్నదే ఆ ప్రభుత్వానికి అసలు భయం. విడి చిత్రకారుడైతే నోరు మూయిస్తే చాలు. బడిని ఆపాలంటే గురువునూ, ముఖ్య శిష్యుల్నీ, గోడల్నీ కలిపి తీసెయ్యాలి. సరిగ్గా అదే చేశారు.

చెక్క పలకల్ని, కాగితాల్ని కూడా వదల్లేదు. 1937-39 మధ్య ఉక్రెయిన్ మ్యూజియాల నుంచి 'ప్రజాశత్రువుల' బొమ్మల్ని కీవ్‌లో ఒక రహస్య నిధిలోకి చేర్చారు. నాశనం చేయాల్సిన సరుకుగా లెక్క రాశారు. కానీ వాటిని చూసుకునే సిబ్బంది చుట్టచుట్టి గోదాముల్లో అలాగే ఉంచేశారు. 1952లో ల్వివ్ మ్యూజియంలో మాత్రం అంత అదృష్టం లేదు, అక్కడ ఎన్నో బొమ్మల్ని నిజంగానే తగలబెట్టారు. బోయ్‌చుక్ ల్వివ్ రోజుల పలకలు ఇప్పుడు మనకున్నాయంటే ఆయన స్నేహితురాలు, చిత్రకారిణి యరోస్లావా ముజికా దాచడం వల్లే. 1948లో ఆమెనే అరెస్టు చేసి శిబిరానికి పంపారు; కొన్నేళ్లకు తిరిగొచ్చింది. ఆమె భద్రపరిచినవి ల్వివ్ ఆర్ట్ గ్యాలరీకి చేరాయి. 1929లోనే మాస్కో వెళ్లి బతికిపోయిన ఒక్సానా పావ్లెంకో 1991 దాకా ఉండి, గురువు పాఠాల జ్ఞాపకాల్ని తర్వాతి వాళ్లకు అందించింది. 1958లో బోయ్‌చుక్‌ను ప్రభుత్వం నిర్దోషిగా ప్రకటించింది. కానీ ఆయన పేరు గట్టిగా పలకడానికి ఇంకో ముప్పై ఏళ్లు పట్టింది.

రహస్య నిధిలోని బొమ్మల్ని కీవ్ నేషనల్ ఆర్ట్ మ్యూజియం 2015లో ప్రదర్శనగా పెట్టింది. 2022 నవంబర్ 15న బోయ్‌చుక్ శిష్యుల చిత్రాలతో సహా ఉక్రెయిన్ ఆధునిక కళను మాడ్రిడ్‌కు తీసుకువెళ్లే లారీలు కీవ్ నుంచి బయల్దేరాయి. అదే రోజు రష్యా ఉక్రెయిన్ మీద దాదాపు వంద క్షిపణులు ప్రయోగించింది. లారీలు సరిహద్దుకు చేరే వేళకు అవతల పోలండ్ పల్లెలో ఒక క్షిపణి పడి, సరిహద్దు దాటడమే అనుమానంలో పడింది. మొత్తానికి దాటాయి. 85 ఏళ్ల కింద నాశనం చేయమన్న బొమ్మలు మాడ్రిడ్, కొలోన్, బ్రస్సెల్స్, వియన్నా మీదుగా 2024లో లండన్ రాయల్ అకాడమీ చేరాయి.

ఆ ఏడాదే మార్చి 25న పట్టపగలు కీవ్ మీద క్షిపణి దాడి జరిగింది. పెచెర్స్క్ ప్రాంతంలో అలంకరణ కళలు, డిజైన్ నేర్పే ఒక అకాడమీ భవనంలో కొంత భాగం కుప్పకూలింది. ఆ అకాడమీకి పెట్టిన పేరు మిఖైలో బోయ్‌చుక్.